ఎండు రాయిని సముద్రపు తొట్టికి సిద్ధం చేయడం



వార్షికోత్సవ సంచికకు విద్యార్థులకు పనికివచ్చే విషయం ఏదైనా రాసి పంపమని కమిటీ మిత్రులు కోరారు. కవిత్వం నాకు రాదు. నాకు వచ్చింది నేను చేసే పనే. చెన్నైలోని కొళత్తూరు రంగుచేపల వ్యాపారానికి పేరుపడిన చోటు. అక్కడ పని నేర్చుకుని, ఇప్పుడు ఇళ్ళలోను, హోటళ్ళలోను ఉప్పునీటి ఆక్వేరియంలు పెట్టి వాటి బాగోగులు చూసుకుంటున్నాను. ఈ పనికి కావలసిన శాస్త్రం దాదాపు అంతా మన హైస్కూలు పుస్తకాల్లోనే ఉంది. కాకపోతే పుస్తకంలో నత్రజని వలయం ఒకచోట, ఆమ్లాలు-క్షారాలు ఒకచోట, మోల్ లెక్కలు మరొకచోట ఉంటాయి. ఒక రాయిని తొట్టికి సిద్ధం చేసేటప్పుడు అవన్నీ ఒకే డ్రమ్ములో కలుస్తాయి. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ఇంకో కారణం కూడా ఉంది. ఇలాంటి దుకాణాల్లో కొత్తగా చేరిన కుర్రాడికి మొదట అప్పగించే పని రాళ్ళు కడగడం. యాసిడ్ సీసా, బ్లీచ్ డబ్బా చేతికిచ్చి "కడుగు" అంటారు. గ్లవుజులు ఇవ్వరు, ఎందుకు కడగాలో చెప్పరు. మన హాస్టళ్ళనుంచి వెళ్ళిన పిల్లలు ఎంతోమంది మొదట ఇలాంటి పనుల్లోనే చేరుతారు. ఏ సీసాలో ఏముందో, దేనితో దేన్ని కలపకూడదో వాళ్ళకు తెలిసి ఉండాలి. యజమాని చెప్పకపోయినా మన పదో తరగతి పుస్తకం చెబుతుంది.

తొట్టిలో రాయి ఎందుకు?

మనం ఊళ్ళలో చూసే గోల్డుఫిష్ తొట్టి మంచినీటిది. నేను చెప్పేది సముద్రపు నీరు పోసి పగడాలను, సముద్రపు చేపలను పెంచే తొట్టి. దీన్ని రీఫ్ తొట్టి అంటారు. రీఫ్ అంటే పగడపు దిబ్బ. సముద్రంలో పగడపు జీవులు నీటిలోని కాల్షియంను, కార్బొనేట్‌ను తీసుకుని తమ చుట్టూ రాతి గూడు కట్టుకుంటాయి. అవి చనిపోయినా గూడు మిగులుతుంది. దానిమీద మరో తరం కడుతుంది. ఇలా వేల ఏళ్ళలో దిబ్బ తయారవుతుంది. ఆ రాయి మన సున్నపురాయికి దగ్గరి చుట్టం. రెండూ కాల్షియం కార్బొనేటే. అయితే తాండూరు బండ, కడప నాపరాయి గట్టిగా, నున్నగా ఉంటాయి. పగడపు రాయి మాత్రం గుల్ల. దాని నిండా కంటికి కనిపించేవి, కనిపించనివి లెక్కలేనన్ని రంధ్రాలు.

ఆ రంధ్రాలే తొట్టికి ప్రాణం. చేప విసర్జించేది ఎక్కువగా అమ్మోనియా రూపంలో ఉంటుంది. మిగిలిపోయిన మేత కుళ్ళినా అమ్మోనియానే. అది విషం. రాతి రంధ్రాల గోడలకు అంటుకుని బతికే సూక్ష్మజీవులు అమ్మోనియాను నైట్రైట్‌గా, నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తాయి. మొదటి రెండూ ప్రమాదకరం, మూడోది కొంతవరకు ఫరవాలేదు. రాయి మరీ లోపలి పొరల్లో ప్రాణవాయువు అందదు. అక్కడ మరో రకం బాక్టీరియా నైట్రేట్‌లోని ఆక్సిజన్‌ను వాడుకుని నత్రజని వాయువును వదిలేస్తుంది. నీళ్ళు నిలవ కట్టిన వరిమడిలో వేసిన యూరియాలో కొంత గాలిలోకి పోతుందని వ్యవసాయాధికారులు చెబుతుంటారు కదా, అందులో ఒక భాగం ఈ దారినే పోతుంది. పొలంలో అది రైతుకు నష్టం, తొట్టిలో మనకు లాభం.

ఇండోనేషియాకు చెందిన లీ చిన్ ఎంగ్ అనే ఆయన సముద్రంలోంచి తెచ్చిన రాయిని జీవంతో సహా తొట్టిలో పెట్టి, గాలి బుడగలు తప్ప వేరే యంత్రం లేకుండా చేపలను పెంచవచ్చని 1961లో ఒక పత్రికలో రాశాడు. తరువాత 1970, 80 దశకాల్లో జర్మనీలోని బెర్లిన్ ఆక్వేరియం ప్రియులు ఆ పద్ధతిని మెరుగుపరిచారు. సముద్రం నుంచి తడి ఆరకుండా తెచ్చే ఆ రాయిని లైవ్ రాక్, అంటే ప్రాణమున్న రాయి, అన్నారు. ఆ వ్యాపారం పెరిగి టన్నుల కొద్దీ రాయి దిబ్బలనుంచి పెకలించడం మొదలయ్యింది. పెద్ద ఎగుమతిదారైన ఫిజీ 2017 చివరలో దాన్ని నిలిపివేసింది. అందుకే ఇప్పుడు ఎండు రాయి వాడకం పెరిగింది.

మన దేశం సంగతి వేరుగా చెప్పుకోవాలి. మన దేశంలో పగడపు దిబ్బలు ముఖ్యంగా నాలుగుచోట్ల ఉన్నాయి: మన్నార్ సింధుశాఖ, లక్షద్వీప్, అండమాన్ నికోబార్, కచ్ సింధుశాఖ. మన్నార్‌లో తూత్తుకుడి వైపు సున్నానికి, సిమెంటుకు దశాబ్దాల తరబడి పగడపు రాయిని తవ్వారు. అలలను ఆపే దిబ్బ పోయాక అక్కడి 21 దీవుల్లో రెండు నీటిలో మునిగిపోయాయి. 2001లో రాతిగూడు కట్టే పగడాలన్నిటినీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే పగడానికీ ఉంది. ఒడ్డున దొరికిన ముక్క అయినా, చచ్చిన ముక్క అయినా ఏరి అమ్మడం నేరం. "పాత రాయేనండీ, ఎండిపోయిందేనండీ" అని సంచుల్లో తెచ్చి అమ్మేవాళ్ళు ఉంటారు. అది కొన్నవాడూ ఇరుక్కుంటాడు. సరుకు మోసిన కుర్రాడు ముందు ఇరుక్కుంటాడు.

కాబట్టి చట్టప్రకారం మనకు మిగిలేవి రెండు. ఒకటి, విదేశాల్లో పూర్వకాలపు సముద్రం వెనక్కుపోయిన చోట నేలమీద తవ్విన రాయి, కాగితాలతో సహా దిగుమతి అయినది. అమెరికాలో ఫ్లోరిడా వైపు ఇలాంటి రాయి తవ్వుతారు. రెండోది మనుషులు తయారుచేసిన రాయి: పింగాణీ రకం లేదా సిమెంటు రకం. నన్నడిగితే మన దేశంలో రెండోదే మొదట చూడాలి. ధర తక్కువ, పేచీ లేదు.

సిమెంటు రాయి

ఇది మేస్త్రీ పని తెలిసిన ఎవరైనా చేయగలరు. ఒక పాలు మామూలు సిమెంటుకు మూడు నాలుగు పాళ్ళు ఆల్చిప్పల నూక (కోళ్ళ దాణాలో వేసేదే, శుభ్రంగా కడిగినది), కొంత రాళ్ళ ఉప్పు కలిపి, తక్కువ నీళ్ళతో ముద్దచేసి తడి ఇసుకలో గుంటలు తీసి పోస్తారు. గట్టిపడ్డాక నీళ్ళలో వేస్తే ఉప్పు కరిగిపోయి దాని స్థానంలో రంధ్రాలు మిగులుతాయి.

దీనికి కుళ్ళు సమస్య లేదు. కానీ వేరే సమస్య ఉంది. కొత్త సిమెంటులోంచి కాల్షియం హైడ్రాక్సైడ్, అంటే తడి సున్నం, నీటిలోకి దిగుతుంది. కొత్తగా కట్టిన నీళ్ళతొట్టిలో నీరు జారుడుగా ఉండడానికి కారణం ఇదే. ఆ నీటి పీహెచ్ 11, 12 దాకా పోతుంది. సముద్రపు నీటి పీహెచ్ 8.2 దరిదాపుల్లో ఉంటుంది. అందుకని సిమెంటు రాయిని డ్రమ్ములో ముంచి నీళ్ళు మార్చుకుంటూ నాలుగు నుంచి ఎనిమిది వారాలు ఉంచాలి. చివరగా కొత్త నీళ్ళు పోసి, మూడు రోజులు కదపకుండా ఉంచి పీహెచ్ చూడాలి. 8.5 దాటకపోతే రాయి సిద్ధం. రోజూ నీళ్ళు మార్చి వెంటనే చూస్తే పీహెచ్ తక్కువే కనిపిస్తుంది. అది మనల్ని మనం మోసం చేసుకోవడమే.

తవ్వి తెచ్చిన రాయి, లేదా పాత తొట్టినుంచి వచ్చిన రాయి

అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. పాత తొట్టి ఎత్తేసినవాళ్ళ దగ్గర రాయి చవకగా వస్తుంది. చూడడానికి తెల్లగా, పొడిగా, నిర్దోషంగా ఉంటుంది. కానీ ఒకప్పుడు ఆ రంధ్రాల్లో స్పాంజీలు, పురుగులు, నాచు, గుల్లజీవులు బతికాయి. అవి ఎండి లోపలే అంటుకుని ఉన్నాయి. ఈ రాయిని తీసుకెళ్ళి నేరుగా తొట్టిలో పెడితే ఆ ఎండిన మాంసమంతా నీరు తగిలి నాని కుళ్ళుతుంది. ఎండుచేపను నీళ్ళలో వేసి మూడురోజులు మరిచిపోయినట్టే. అమ్మోనియా పెరుగుతుంది. చేప ఉంటే చస్తుంది. కాబట్టి చేయవలసినవి రెండు పనులు: రాయిలోని చచ్చినదాన్ని తీసివేయడం, ఆ తరువాత దానిలో బతికేదాన్ని నింపడం. ఈ వరుస మారకూడదు.

మొదట పొడిగా ఉండగానే రాయిని తిప్పి తిప్పి చూడండి. నాచుపొర, రబ్బరులా అంటుకుని ఉన్న తోళ్ళు, గొట్టాలు ఉంటే స్క్రూడ్రైవరుతో, గట్టి బ్రష్షుతో ఊడదీయండి. ఇనుప మేకు, తుప్పు మరక ఉన్న ముక్కను పక్కన పడేయండి. తరువాత మామూలు నీళ్ళ పైపుతో ధారగా కొట్టి కడగండి. కళ్ళద్దాలు, గ్లవుజులు ఈ దశనుంచే ఉండాలి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. పురుగులు చస్తాయి కదా అని రాయిని పొయ్యిమీద ఉడకబెట్టడం మహా ప్రమాదం. జోయాంథిడ్లు అనే గుండీల్లాంటి మెత్తని జీవులు కొన్ని రాళ్ళమీద ఉంటాయి. వాటిలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే విషం ఉంటుంది. ప్రకృతిలో దొరికే అత్యంత తీవ్రమైన విషాల్లో అది ఒకటి. వేడిచేస్తే ఆవిరితోపాటు గాలిలోకి లేస్తుంది. 2018లో ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఒక ఇంట్లో తొట్టి పగడాలు శుభ్రం చేస్తుండగా కుటుంబమంతా జబ్బుపడింది. సహాయానికి వచ్చిన సిబ్బందిని కూడా ఆసుపత్రిలో చూపించవలసి వచ్చింది. ఇక నిప్పుల్లో కాల్చడమంటారా, ఎక్కువ వేడిలో అది కాస్తా పొడిసున్నం అవుతుంది. సున్నపు బట్టీలో జరిగేది అదే.

బ్లీచ్

మన హాస్టల్ నీళ్ళ ట్యాంకులో బ్లీచింగ్ పౌడరు కలిపిన రోజు వచ్చే వాసన అందరికీ తెలుసు. ఆ పౌడరు కాల్షియం హైపోక్లోరైట్ రకం. రాళ్ళకు వాడేది ద్రవరూపంలో దొరికే సోడియం హైపోక్లోరైట్. సువాసన, రంగు కలపనిదే తీసుకోవాలి. ఇది ఆక్సీకరణి. రంధ్రాల్లో ఎండి ఉన్న మాంసకృత్తులను విరగ్గొట్టి కరిగిస్తుంది. ప్లాస్టిక్ డ్రమ్ములో తొమ్మిది పాళ్ళ నీటికి ఒక పాలు బ్లీచ్ కలిపి, రాళ్ళు ముంచి, చిన్న పంపుతో నీరు తిరుగుతూ ఉండేలా చూసి రెండు నుంచి ఏడు రోజులు ఉంచాలి. నీరు కదలకపోతే లోపలి రంధ్రాల్లోకి మందు చేరదు. ఇనుప, అల్యూమినియం పాత్రలు పనికిరావు.

రాయి ముందే కుళ్ళు వాసన కొడుతుంటే దాన్ని నేరుగా బ్లీచులో వేయవద్దు. అందులోని అమ్మోనియాతో బ్లీచ్ కలిసి క్లోరమిన్లు అనే ఘాటైన వాయువులు పుడతాయి. ముందు మంచినీటిలో నానబెట్టి, రెండు మూడుసార్లు నీళ్ళు మార్చి అప్పుడు వేయాలి.

బ్లీచ్ అయ్యాక బాగా కడిగి, మంచినీటిలో సోడియం థయోసల్ఫేట్ వేసి ఒకరోజు ఉంచితే మిగిలిన క్లోరిన్ విరుగుతుంది. ఆక్వేరియం దుకాణాల్లో క్లోరిన్ విరుగుడు అని అమ్మేదాంట్లో చాలావరకు ఉండేది ఇదే. ఆపైన వారం రోజులు ఎండలో పెట్టాలి. మన ఎండలకు ఇంకేం మందు కావాలి? ముక్కు దగ్గర పెట్టుకుంటే క్లోరిన్ వాసన ఏమాత్రం రాకూడదు.

(పత్రికల్లో "కోరల్ బ్లీచింగ్" అని చదివి రెండూ ఒకటే అనుకోకండి. సముద్రం వేడెక్కినప్పుడు పగడం తనలోని సూక్ష్మ శైవలాలను కోల్పోయి తెల్లబారడాన్ని అలా అంటారు. అక్కడ బ్లీచ్ ఏమీ ఉండదు.)

యాసిడ్, ఒక లెక్క

బ్లీచ్ చచ్చిన మాంసాన్ని తీసేస్తుంది గానీ ఫాస్ఫేట్‌ను తీయదు. ఫాస్ఫేట్ కాల్షియం కార్బొనేట్ ఉపరితలానికి అంటుకుంటుంది. సున్నం ఎక్కువున్న నేలల్లో డీఏపీ ఎంత వేసినా పైరుకు అందేది కొంతే అని, మిగతాది నేల పట్టేసుకుంటుందని పెద్దవాళ్ళు అంటారు. అదే రసాయనం ఇక్కడా ఉంది. పాత తొట్టిలో ఏళ్ళ తరబడి ఉన్న రాయి, ఆ నేల లాగానే ఫాస్ఫేట్‌ను పట్టుకుని ఉంటుంది. కొత్త నీళ్ళలో పెట్టగానే మెల్లమెల్లగా వదులుతుంది. నీటిలో ఫాస్ఫేట్ ఎక్కువైతే నాచు విరగబడుతుంది, పగడాలు గూడు కట్టడం మందగిస్తుంది.

యాసిడ్ చేసే పని పైపొరను కరిగించి, దానితోపాటు అంటుకున్నవాటిని వదిలించడం. చర్య మీకు తెలిసినదే:

కాల్షియం కార్బొనేట్ + హైడ్రోక్లోరిక్ ఆమ్లం → కాల్షియం క్లోరైడ్ + నీరు + కార్బన్ డయాక్సైడ్

పరీక్షలో దీన్ని తుల్యం చేయమంటారు: ఒక మోల్ కార్బొనేట్‌కు రెండు మోల్‌ల ఆమ్లం. ఇప్పుడు పనిలో చూద్దాం. కార్బొనేట్ అణుభారం 100, ఆమ్లానిది 36.5. పరిశ్రమలకు అమ్మే 31 శాతం గాఢత ఉన్న ఆమ్లంలో లీటరుకు సుమారు 10 మోల్‌లు ఉంటాయి. దాన్ని పదోవంతుకు పలుచన చేస్తే లీటరుకు 1 మోల్. అలాంటి పలుచని ఆమ్లం 20 లీటర్లు తీసుకుంటే 20 మోల్‌ల ఆమ్లం, అంటే 10 మోల్‌ల కార్బొనేట్‌ను కరిగించగలదు. 10 మోల్‌లంటే 1000 గ్రాములు. ఒక డ్రమ్ము రాళ్ళలో కిలో రాయి కరిగిపోతుందన్నమాట. అప్పుడు వెలువడే కార్బన్ డయాక్సైడ్ 440 గ్రాములు, సుమారు 240 లీటర్ల వాయువు. తలుపులు మూసిన బాత్‌రూములో ఈ పని ఎందుకు చేయకూడదో ఈ లెక్కే చెబుతుంది. ఆ వాయువు గాలికంటే బరువు. కిందనే నిలుస్తుంది. వంగి కడిగేవాడి ముఖం ఉండేదీ అక్కడే.

బాత్‌రూములు కడగడానికి అమ్మే యాసిడ్ల గాఢత ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, సీసామీద చదవాలి. ఎప్పుడూ నీటిలో ఆమ్లం పోయాలి, ఆమ్లంలో నీరు కాదు. పది నిమిషాల్లో నురుగు తగ్గుతుంది. తరువాత రాళ్ళు తీసి, వంటసోడా కలిపిన నీళ్ళలో ముంచితే మిగిలిన ఆమ్లం విరుగుతుంది. ఆపైన బాగా కడగాలి.

బ్లీచ్, యాసిడ్ ఎట్టి పరిస్థితిలోనూ కలవకూడదు. ఒకే రోజు ఒకే డ్రమ్ములో రెండూ వాడకూడదు. బ్లీచ్‌లో నానిన రాయిని కడిగి, విరుగుడు వేసి, పూర్తిగా ఎండిన తరువాతగానీ యాసిడ్ దగ్గరకు తేకూడదు. రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలిన వాయువు అదే. యజమాని తొందరపెట్టినా సరే, "ఎండేదాకా కుదరదండీ" అని చెప్పండి. పని పోతే ఇంకోటి వెతుక్కోవచ్చు.

నా అభిప్రాయం అడిగితే, పాత తొట్టి రాయికి తప్ప యాసిడ్ అవసరం లేదు. నేలమీద తవ్విన రాయికి కడగడం, అవసరమైతే బ్లీచ్, ఆపైన ఓపిక సరిపోతాయి. యాసిడ్ రాయిని తినేస్తుంది, సన్నని అంచులు, చిన్న రంధ్రాలు పోతాయి. లోతైన పొరల్లోని ఫాస్ఫేట్‌ను అది తీయలేదు కూడా.

ఉప్పునీటి నానబెట్టడం

ఇప్పుడు రాయి శుభ్రమైంది గానీ సిద్ధం కాలేదు. ఆర్.ఓ. నీళ్ళు తీసుకోండి. బోరునీరు, కుళాయి నీరు వద్దు. వాటిలోని నైట్రేట్లు, క్లోరిన్ మనం తీసినదాన్ని మళ్ళీ తెస్తాయి. ఆక్వేరియం కోసం అమ్మే సముద్రపు ఉప్పు మిశ్రమాన్ని లీటరుకు సుమారు 35 గ్రాముల చొప్పున కలపాలి. వంటింటి ఉప్పు పనికిరాదు. అది దాదాపు అంతా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో మెగ్నీషియం, కాల్షియం, పొటాషియం, సల్ఫేట్ కూడా తగు పాళ్ళలో ఉంటాయి. విశిష్ట సాంద్రత 1.025 దగ్గర ఉందేమో హైడ్రోమీటరుతో చూసుకోవాలి.

రాళ్ళు డ్రమ్ములో వేసి, పంపు తిప్పి, మూత పెట్టాలి. వెలుతురు వద్దు, వెలుతురు ఉంటే నాచు పుడుతుంది. వారానికోసారి అమ్మోనియా, ఫాస్ఫేట్ పరీక్షించాలి. మొదటి వారాల్లో వాసన వస్తే లోపల ఇంకా మాంసం ఉన్నట్టు. సగం నీళ్ళు మార్చి కొనసాగించాలి. ఫాస్ఫేట్ విషయంలో ఒక తమాషా ఉంది. నీళ్ళు మార్చిన రోజు సున్నా చూపిస్తుంది, నాలుగు రోజులకు మళ్ళీ ఎక్కుతుంది. తడిగుడ్డ పిండితే మళ్ళీ మళ్ళీ నీరు వచ్చినట్టు రాయి వదులుతూనే ఉంటుంది. అందుకే ఒక్క పరీక్ష చూసి సంతోషించకూడదు. నీళ్ళు మార్చకుండా వారం ఉంచినా 0.1 పీపీఎం దాటకపోతే అప్పుడు నమ్మవచ్చు. తొందరగా కావాలంటే ఐరన్ ఆక్సైడ్ గుళికల సంచిలోంచి నీరు పారేలా చేస్తారు, అవి ఫాస్ఫేట్‌ను పట్టుకుంటాయి. లాంథనం క్లోరైడ్ చుక్కలు కూడా వేస్తారు, ఫాస్ఫేట్ కరగని తెల్లని మడ్డిగా విడిపోతుంది. అయితే ఆ మడ్డి చేపల మొప్పలకు మంచిది కాదు. డ్రమ్ములో ఉండగానే వేసి, సన్నని బట్టతో వడకట్టి తీసేయాలి.

బతికేదాన్ని నింపడం

ఇక్కడిదాకా చేసినదంతా ఖాళీ ఇల్లు కడిగి పెట్టడం. కాపురానికి సూక్ష్మజీవులు రావాలి. వాటికి తిండి అమ్మోనియా. ఇన్నాళ్ళూ తీసేసినదాన్నే ఇప్పుడు కొలిచి వేస్తాం. కొందరు చచ్చిన రొయ్యను వేస్తారు, అది కొలత లేని పని. అమ్మోనియం క్లోరైడ్ వాడడం మేలు. రాగి గిన్నెలకు కళాయి పూసేవాళ్ళు వాడే నవాసాగరం ఇదే పదార్థం. మనం మాత్రం లాబొరేటరీ రకం శుద్ధమైనది తీసుకోవాలి. 100 లీటర్ల నీటిలో అమ్మోనియా 2 పీపీఎం కావాలంటే 200 మిల్లీగ్రాముల అమ్మోనియా కావాలి. అమ్మోనియా అణుభారం 17, అమ్మోనియం క్లోరైడ్‌ది 53.5. కాబట్టి 200ను 53.5తో హెచ్చించి 17తో భాగిస్తే సుమారు 630 మిల్లీగ్రాములు. చిన్న త్రాసు ఉంటే చాలు.

సూక్ష్మజీవులు ఎక్కడినుంచి వస్తాయి? సీసాల్లో అమ్ముతారు. లేదా ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టినుంచి గుప్పెడు ఇసుక, ఒక చిన్న రాతిముక్క తెచ్చి వేయవచ్చు. నేను రెండోదాన్నే ఇష్టపడతాను. బాక్టీరియాతోపాటు చిన్న పురుగులు, ఊదారంగు రాతినాచు కూడా వస్తాయి. అయితే ఐప్టేసియా అనే కలుపుజీవి ఒక్కటి వచ్చినా తొట్టంతా అల్లుకుంటుంది, ముక్కను భూతద్దంతో చూసుకోవాలి.

మన పుస్తకంలో నైట్రోసోమోనాస్ అమ్మోనియాను నైట్రైట్ చేస్తుందని, నైట్రోబాక్టర్ దాన్ని నైట్రేట్ చేస్తుందని చదువుకున్నాం. పరీక్షలో అలాగే రాయండి, మార్కులు దానికే. కానీ ఆక్వేరియంలలో వెతికిన శాస్త్రవేత్తలకు నైట్రైట్ పని ఎక్కువగా నైట్రోస్పైరా చేస్తున్నట్టు 1990 దశకం చివరలో తేలింది. ఇంకా ఆశ్చర్యం, 2005లో అమెరికాలోని సియాటిల్ ఆక్వేరియంలో ఒక సముద్రపు తొట్టి గులకరాళ్ళనుంచి అమ్మోనియాను మార్చే కొత్త జీవిని వేరుచేశారు. దాని పేరు నైట్రోసోప్యూమిలస్ మారిటిమస్. అది బాక్టీరియా కాదు, ఆర్కియా అనే వేరే కోవకు చెందినది. సముద్రాల్లో ఈ కోవ జీవులు అపారంగా ఉన్నాయని తరువాత తెలిసింది. విజ్ఞానశాస్త్రంలో ఒక పెద్ద విషయం మనం కడిగే గులకరాళ్ళ మధ్య దొరికిందన్నమాట.

రెండు మూడు రోజులకోసారి చుక్కల కిట్టుతో పరీక్షించి నోటుపుస్తకంలో తేదీతో రాయండి. గ్రాఫు కాగితం మీద గీస్తే ఇంకా మంచిది. మొదట అమ్మోనియా గీత దిగుతుంది, నైట్రైట్ గీత కొండలా లేస్తుంది, తరువాత అదీ దిగుతుంది, నైట్రేట్ గీత మెల్లగా ఎక్కుతుంది. మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మధ్యలో నైట్రైట్ కదలకుండా రెండు వారాలు అలాగే నిలబడవచ్చు. అప్పుడే చాలామంది విసుగెత్తి చేపను వేసేస్తారు. మంచినీటి తొట్టికంటే సముద్రపు తొట్టిలో అమ్మోనియా ఎక్కువ ప్రమాదకరం. పీహెచ్ 7 దగ్గర అది చాలావరకు అమ్మోనియం అయానుగా ఉంటుంది, 8.2 దగ్గర విషపూరితమైన స్వేచ్ఛా అమ్మోనియా వాటా పది రెట్లకు పైగా పెరుగుతుంది. కిట్టు చూపే అంకె ఒకటే అయినా చేపకు తగిలే దెబ్బ వేరు.

మరోసారి 2 పీపీఎం అమ్మోనియా వేసి, ఇరవై నాలుగు గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నాకు వస్తే రాయి పనిలోకి దిగినట్టే. సగానికి పైగా నీళ్ళు మార్చి రాళ్ళను తొట్టిలో అమర్చాలి. ఇసుకకంటే ముందు రాళ్ళు పెట్టండి. ఇసుకమీద పెడితే చేపలు తవ్వినప్పుడు కూలి గాజు పగులుతుంది. లీటరుకు వంద గ్రాముల చిల్లర రాయి అని పాత లెక్క, ఇప్పుడు అంతకంటే తక్కువే పెడుతున్నారు. రాళ్ళ మధ్య నీరు పారాలి.

దీపం వేశాక తెల్లని రాళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి. అవి డయాటమ్‌లు. ఆ తరువాత పచ్చని వెంట్రుకల నాచు వస్తుంది. కొత్త ఎండు రాయికి ఇది తప్పదు, ఖాళీ స్థలాన్ని ముందొచ్చినవాడు ఆక్రమిస్తాడు. ఇంటివాళ్ళు కంగారుపడి ఫోన్ చేస్తారు, రాళ్ళు తీసి మళ్ళీ కడగమంటారు. కడిగితే చేసినదంతా మొదటికొస్తుంది. దీపం గంటలు తగ్గించి, నత్తలను వదలండి. తొలి ప్రాణులు అవే కావాలి. రెండు వారాలు అవి బాగుంటే ఒక చేపను, ఒక్కదాన్నే, వేయండి. మేత చిటికెడు. మర్నాటినుంచి వారంపాటు రోజూ అమ్మోనియా పరీక్ష. అది సున్నాలోనే ఉంటే మరో రెండు వారాల తరువాత రెండో చేప. పగడం ముక్కలు, తొట్టిలోనే పెంచి కాగితాలతో అమ్మినవి, ఆ తరువాతే. అప్పటికి ఏదో ఒక రాయి నీడవైపున గోరంత ఊదారంగు మచ్చ కనిపిస్తుంది. ఆ రాతినాచు మచ్చ పెరుగుతుంటే నీటిలో కాల్షియం, క్షారత సరిగా ఉన్నట్టు లెక్క.